మాగాణి అమ్మి చవుడు అప్పు తీర్చినట్టు

బేస్‌బాల్ ఆటగాడు మూకీ బెట్స్‌ను లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టుకు ఇచ్చేస్తున్నారన్న వార్త వచ్చిన రాత్రి, కంచం ముందు కూర్చుని మా అబ్బాయి నన్నడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. “అమ్మా, మన దగ్గర డబ్బుల్లేవా?”

అది 2020 ఫిబ్రవరి. వాడికి పదేళ్లు. ‘మన’ అంటే మా ఇల్లు కాదు, బెట్స్ ఆడే మా ఊరి వైపు జట్టు బోస్టన్ రెడ్ సాక్స్. మేముండే ష్రూస్‌బరీ నుంచి ఆ జట్టు స్టేడియం ఫెన్‌వే పార్కుకు ముప్పై అయిదు మైళ్లు. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ జట్టు ఇంటిపేరు లాంటిది. “ఉన్నాయి నాన్నా” అన్నాను. “మరెందుకు ఇచ్చేశారు?” అన్నాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత లెక్కలు చదివాను, వేశాను, తప్పులు దిద్దుకున్నాను. ఇప్పుడు చెప్పగలను: డబ్బుల్లేక కాదు. ఒక చెడ్డ సంవత్సరం తర్వాత ఏది వదిలించుకోవాలి, ఏది పట్టుకోవాలి అన్న చోట తప్పు చేశారు. ఆ తప్పుకు పన్ను అని పేరు పెట్టారు.

నాకు బేస్‌బాల్ వచ్చింది టీవీ వల్ల కాదు, పెన్సిల్ వల్ల. మావాడు లిటిల్ లీగ్‌లో చేరిన రెండో ఏడు, స్కోరు రాసే పుస్తకం పట్టుకోవడానికి ఏ తల్లీ తండ్రీ ముందుకు రాకపోతే కోచ్ నా చేతిలో పెట్టాడు. ఈ పుస్తకంలో ఫీల్డర్లకు పేర్లుండవు, అంకెలుంటాయి. బంతి విసిరే పిచర్ 1, క్యాచర్ 2, అలా వెళ్లి రైట్ ఫీల్డ్ 9. బంతి షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌కు, అక్కణ్ణించి ఫస్ట్‌కు వెళ్లి ఇద్దరు ఔటయితే 6-4-3 అని రాస్తాం. రైట్ ఫీల్డ్‌లో క్యాచ్ పడితే ఎఫ్ 9. ఇంట్లో టీవీ ముందు కూడా రాసుకునే అలవాటైంది. 2018 పుస్తకం తిరగేస్తే ప్రతి పేజీలోనూ ఎఫ్ 9లే. ఫెన్‌వేలో రైట్ ఫీల్డ్ చాలా కష్టమైన చోటు. గోడ వంకర తిరిగి ఉంటుంది, మధ్యాహ్నం ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. అక్కడ బెట్స్ పరుగెత్తుతుంటే బంతి ఎక్కడ పడుతుందో అతనికి ముందే ఎవరో చెప్పినట్టుండేది. 2016 నుంచి 2019 దాకా నాలుగేళ్లూ ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ అతనిదే.

అతణ్ణి ఎక్కణ్ణించో కొనుక్కు రాలేదు. జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2011లో అయిదో రౌండ్‌లో తీసుకున్న టెనెసీ కుర్రాడు. కింది స్థాయి జట్లలో ఆడించి, సెకండ్ బేస్ నుంచి ఔట్‌ఫీల్డ్‌కు మార్చి, వీళ్లే పెంచుకున్నారు. 2018లో .346 బ్యాటింగ్ సగటు, 32 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), 30 దొంగ బేస్‌లు (పిచర్ కన్నుగప్పి పరుగెత్తి పట్టుకున్నవి), అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎమ్‌వీపీ. జట్టు 108 ఆటలు గెలిచి, ఆ డాడ్జర్స్‌నే ఫైనల్లో ఓడించి, వరల్డ్ సిరీస్ టైటిల్ ఎత్తుకుంది.

ఆ మరుసటి ఏడే కుప్పకూలింది. 2019 సీజన్ మొదలవగానే పశ్చిమ తీరం వెళ్లి పదకొండు ఆటల్లో ఎనిమిది ఓడి వచ్చారు. చివరికి 84 గెలుపులు, 78 ఓటములు. డివిజన్‌లో మూడో స్థానం, ప్లేఆఫ్ లేదు. సెప్టెంబర్‌లో, ఇంకా ఆటలు మిగిలి ఉండగానే, జట్టు నిర్మాణం చూసే డేవ్ డాంబ్రౌస్కీని తీసేశారు. ఏడాది క్రితం ట్రోఫీ ఎత్తిన మనిషి.

అసలు ఎక్కడ చెడింది? ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఎందుకంటే తర్వాత జరిగిన ప్రతి నిర్ణయం ఈ ప్రశ్నకు చెప్పుకున్న తప్పు జవాబు మీదే నిలబడింది.

బ్యాటింగ్ చెడలేదు. ఆ ఏడు రెడ్ సాక్స్ 901 పరుగులు చేసింది. బెట్స్‌తో పాటు ఆడే డెవర్స్ 32 హోమ్ రన్లు, బోగార్ట్స్ 33, మార్టినెజ్ 36. బెట్స్ ఒక్కడే 135 సార్లు పరుగు పూర్తి చేశాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. చెడింది పిచింగ్. గెలుపోటములు పిచర్ల పేరు మీద కూడా రాస్తారు. క్రిస్ సేల్ 6 గెలిచి 11 ఓడి, ఆగస్టులో మోచేయి నొప్పితో కూర్చున్నాడు. ఇయోవాల్డీకి సీజన్ మొదట్లోనే మోచేతికి శస్త్రచికిత్స. ప్రైస్ ఏడు గెలుపుల దగ్గర ఆగిపోయాడు. ఇప్పుడు వాళ్ల కాంట్రాక్టులు చూడండి. ప్రైస్‌కు 2015 చివర్లో ఏడేళ్లకు 217 మిలియన్ డాలర్లు. ఇయోవాల్డీకి 2018 టైటిల్ గెలిచిన ఊపులో నాలుగేళ్లకు 68 మిలియన్లు. సేల్‌కు అప్పటికే ఒక ఏడాది కాంట్రాక్టు మిగిలి ఉండగానే, 2019 మార్చిలో మరో అయిదేళ్లకు 145 మిలియన్లు. అంతకు ముందు ఏడాదే అతని భుజం ఇబ్బంది పెట్టిందని ఊరందరికీ తెలుసు.

జీతాల బరువంతా అటు ఉంది. నొప్పీ అటే ఉంది. కోత మాత్రం బెట్స్ మీద పడింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అని మా అమ్మ అనే మాట ఇంత సరిగ్గా అమరడం నేనెప్పుడూ చూడలేదు.

ఇక ఆ పన్ను సంగతి. ఐపీఎల్ చూసేవాళ్లకు జట్టు ఖర్చంటే ఒక పర్సు. 2025 మెగా వేలంలో అందరికీ 120 కోట్లే. హైదరాబాదైనా ముంబయి అయినా దాని మీద ఒక్క రూపాయి పెట్టడానికి లేదు. అందుకే అక్కడ ఒక మంచి ఆటగాణ్ణి వదిలేశారంటే, పర్సు సరిపోలేదేమో అని కనీసం అనుకోవచ్చు. అమెరికా బేస్‌బాల్‌లో అలాంటి పరిమితి లేదు. ఒక గీత ఉంటుంది. జట్టు జీతాల మొత్తం ఆ గీత దాటితే, దాటిన మేరకు లీగ్‌కు పన్ను కట్టాలి. మొదటిసారి దాటితే 20 శాతం, వరుసగా రెండో ఏడు 30, మూడో ఏడు 50. బాగా ఎక్కువ దాటితే పైన ఇంకొంత. ఒక్క ఏడాది గీత కిందికి దిగితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది, తర్వాతిసారి 20 శాతమే. రెడ్ సాక్స్ 2018లో, 2019లో వరుసగా దాటింది. 2019కి కట్టిన పన్ను 13 మిలియన్లకు కాస్త పైన.

ఆ సెప్టెంబర్ చివర్లో యజమాని జాన్ హెన్రీ వచ్చే ఏడు గీత కిందే ఉండాలని చెప్పాడు. తర్వాత అది లక్ష్యమే గానీ ఆజ్ఞ కాదని సర్దారు. కానీ అక్టోబర్‌లో తెచ్చుకున్న కొత్త మనిషి ఎవరో చూస్తే ఉద్దేశం తెలుస్తూనే ఉంది. హైమ్ బ్లూమ్, తక్కువ ఖర్చుతో జట్టు నడపడంలో పేరున్న టాంపా బే నుంచి వచ్చాడు. అతన్ని నేను తప్పు పట్టను. అప్పగించిన పని చేశాడు.

స్కోరు పుస్తకం వెనక పేజీలో నేను వేసుకున్న లెక్క ఇది. 2020కి గీత 208 మిలియన్లు. బెట్స్‌ను ఉంచుకుని, గీతను 30 మిలియన్లు దాటారనుకుందాం. మొదటి 20 మిలియన్ల మీద మూడోసారి రేటు 50 శాతం, అంటే 10 మిలియన్లు. మిగతా 10 మిలియన్ల మీద ఇంకో 12 శాతం కలిపి 62, అంటే 6.2. మొత్తం 16.2 మిలియన్లు.

ఇప్పుడు ఆ ట్రేడ్, అంటే ఆటగాళ్ల మార్పిడి, చూడండి. బెట్స్‌తో పాటు డేవిడ్ ప్రైస్‌ను కూడా డాడ్జర్స్‌కు ఇచ్చారు. ప్రైస్‌కు ఇంకా మూడేళ్లకు 96 మిలియన్లు రావాలి. అందులో సగం, 48 మిలియన్లు, రెడ్ సాక్సే కట్టడానికి ఒప్పుకుంది. ఏడాదికి 16.

ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకున్న రోజు నేను పెన్సిల్ కింద పెట్టేశాను. పన్ను 16.2. ఇంకో ఊళ్లో ఇంకో జట్టుకు ఆడే పిచర్‌కు ఏటా పంపడానికి ఒప్పుకున్నది 16. మొదటిది భరించలేనిది, రెండోది భరించదగినది ఎలా అయింది? ట్రేడ్ వల్ల ప్రైస్ జీతంలో మిగతా సగం, బెట్స్ ఆ ఏటి జీతం 27 మిలియన్లు మిగిలాయి, నిజమే. కానీ ఆ 27 మిలియన్లు దండగ ఖర్చు కాదు. ఆ జట్టు జీతాల్లో పూర్తిగా గిట్టుబాటైన డబ్బు ఏదైనా ఉందంటే అదే.

మా బాబాయి తొంభైల్లో రేపల్లె వైపు చవుడు నేల కొన్నాడు, రొయ్యల చెరువులకని. అప్పుడు డెల్టాలో సగం మంది అదే పని చేశారు. రెండు పంటలు బాగా వచ్చాయి, మూడో పంటకు తెగులొచ్చింది. చెరువు కట్టల మీద తెల్లమచ్చల రొయ్యలు గుట్టలుగా పోసి ఉండటం నేను చూశాను, ఆ వాసన ఇప్పటికీ గుర్తే. అప్పు మిగిలింది. చవుడు నేల కొనేవాడు లేడు. కాలువ కింద తాతయ్య ఇచ్చిన రెండెకరాల మాగాణికి మాత్రం ఎగబడి వచ్చారు. అదే అమ్మాడు. “అమ్ముడుపోయేది అదొక్కటే కదరా” అని నాన్నతో అంటుంటే విన్నాను. నాన్న ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏటా కోతలప్పుడు ఆ గట్టు మీదుగా వెళ్లాల్సి వస్తే బాబాయి చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

రెడ్ సాక్స్ చేసింది అంతకంటే ఒక మెట్టు ముందుకే వెళ్లింది. ప్రైస్ కాంట్రాక్టును విడిగా ఎవరూ తీసుకోరు. అందుకని బెట్స్‌తో కలిపి ఒకే దస్తావేజులో రాశారు. చవుడు చెక్క వదిలించుకోవడానికి మాగాణి మీద ధర తగ్గించారు. లీగ్‌లో మొదటి ఇద్దరు ముగ్గురిలో ఒకడైన ఆటగాణ్ణి ఇస్తే చేతికొచ్చింది అలెక్స్ వెర్డూగో, జీటర్ డౌన్స్, కానర్ వాంగ్. వెర్డూగో నాలుగేళ్లు ఆడి న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లిపోయాడు. డౌన్స్ మీద చాలా ఆశ పెట్టారు. 2022 చివర్లో జట్టులోంచి తీసేశారు. వాంగ్ క్యాచర్‌గా నిలబడ్డాడు, కష్టపడే మనిషి, నాకు ఇష్టం కూడా. కానీ ఆ ముగ్గురినీ కలిపినా 2018 మూకీ బెట్స్ సగం కాదు.

“ఎలాగూ వెళ్లిపోయేవాడే కదా” అంటారు. ఈ వాదనను తేలిగ్గా తీసేయను, ఎందుకంటే కొంత నిజముంది. 2020 ముగిస్తే బెట్స్ ఫ్రీ ఏజెంట్, ఏ జట్టుకైనా వెళ్లొచ్చు. బోస్టన్ పదేళ్లకు 300 మిలియన్లు ఇవ్వజూపిందనీ, అతను పన్నెండేళ్లకు 420 అడిగాడనీ పత్రికల్లో వచ్చింది. చూస్తూ ఊరుకుంటే చేతిలో ఏమీ మిగలకుండా పోయే ప్రమాదం ఉందన్నది వాళ్ల భయం. సరే. కానీ ఆ జులైలో ఏం జరిగింది? డాడ్జర్స్ తరఫున ఒక్క ఆట కూడా ఆడకముందే అతను వాళ్లతో పన్నెండేళ్లకు 365 మిలియన్లకు సంతకం చేశాడు. ఫ్రీ ఏజెన్సీ దాకా వెళ్లనే లేదు. కరోనా వచ్చి అందరి లెక్కలూ మార్చేసింది, అందువల్ల కొంత దిగి ఉండొచ్చు. అయినా ఏడాదికి పడింది 30.4 మిలియన్లు. పత్రికల్లో వచ్చిన బోస్టన్ మాట ఏడాదికి 30. తేడా అంతా మరో రెండేళ్లలో ఉంది. బేరం అంటే అదే కదా, ఒకరు 300 దగ్గరా ఇంకొకరు 420 దగ్గరా మొదలుపెట్టి మధ్యలో కలవడం. వీళ్లు మధ్యదాకా నడవలేదు.

పొడుగాటి కాంట్రాక్టులు చివర్లో చేదెక్కుతాయన్నదీ నిజమే. 2025లో బెట్స్ సగటు .258కి పడిపోయింది, అతని కెరీర్‌లో అంత తక్కువ ఎప్పుడూ లేదు. కానీ అదే ఏడు, ముప్పై మూడేళ్ల వయసులో, షార్ట్‌స్టాప్‌గా నిలబడి వరల్డ్ సిరీస్ గెలిచాడు. డాడ్జర్స్‌తో అతనికది మూడోది: 2020, 2024, 2025.

మొదటిది నా కళ్లముందే ఉంది. 2020 అక్టోబర్ 27, ఆరో ఆట. టాంపా పిచర్ స్నెల్ అద్భుతంగా వేస్తుంటే ఆరో ఇన్నింగ్స్‌లో అతణ్ణి మార్చేశారు. వెంటనే బెట్స్ డబుల్ కొట్టి రెండో బేస్ చేరాడు. క్యాచర్‌కు అందకుండా పోయిన వైల్డ్ పిచ్ మీద ఒక పరుగు వచ్చి స్కోరు సమమైంది, బెట్స్ మూడో బేస్ చేరాడు. తర్వాత సీగర్ బంతిని నేల మీదుగా ఫస్ట్ బేస్ వైపు కొట్టాడు. బ్యాట్ చప్పుడు వినపడేసరికే బెట్స్ బయల్దేరాడు. ఫస్ట్ బేస్‌మన్ బంతి అందుకుని హోమ్‌కు విసిరేలోపు దుమ్ములో జారుతూ ప్లేటు తాకేశాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి తలుపులు మూసేశాడు. మావాడు సోఫాలో ముడుచుకుని చూస్తూ చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. నేను కొట్టాను.

అప్పట్లో అందరూ బేబ్ రూత్‌ను తలచుకున్నారు. సరిగ్గా వందేళ్ల కిందట, 1920 జనవరిలో, ఇదే జట్టు రూత్‌ను లక్ష డాలర్లకు యాంకీస్‌కు అమ్మిన కబురు బయటికొచ్చింది. ఆ తర్వాత 2004 దాకా టైటిల్ లేదు. నాకా పోలిక నచ్చదు, శాపం మాటలు అసలు నచ్చవు. అప్పటి యజమాని ఫ్రేజీ నెత్తిన నిజంగానే అప్పులున్నాయి. హెన్రీ సంస్థ చేతిలో లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ ఉంది. బెట్స్‌ను వదులుకున్న మరుసటి ఏడే పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ హాకీ జట్టును కూడా కొంది. మా అబ్బాయి ప్రశ్నకు ఇంతకంటే నేరుగా జవాబు చెప్పలేను.

గీత కిందికి దిగి సాధించిందేమిటి? 2020లో 24 గెలుపులు, 36 ఓటములు, అట్టడుగు. 2021 తీపి సంవత్సరం, ఒప్పుకుంటాను. 92 గెలుపులు, లీగ్ ఫైనల్ దాకా వెళ్లారు. ఆ అక్టోబర్‌లో మా వీధిలో హారన్లు మోగాయి. 2022లో మళ్లీ గీత దాటారు, కొద్దిగా. దాటి కూడా చివరి స్థానం. ఆ కొద్దిపాటి దాటడం వల్ల ఇంకో దెబ్బ పడింది. ఆ శీతాకాలం బోగార్ట్స్ పదకొండేళ్లకు 280 మిలియన్లకు శాన్ డియెగోకు వెళ్లిపోయినప్పుడు, పరిహారంగా రావాల్సిన డ్రాఫ్ట్ ఎంపిక, పన్ను కట్టే జట్టు కాబట్టి, నాలుగో రౌండ్ తర్వాతికి జారిపోయింది. పన్ను కోసం బెట్స్‌ను వదిలిన జట్టు, అదే పన్ను వల్ల బోగార్ట్స్‌కు బదులు కూడా సరిగా రాబట్టుకోలేకపోయింది. 2023లో మళ్లీ అట్టడుగు. సెప్టెంబర్‌లో బ్లూమ్‌నూ పంపేశారు.

2018 కుర్రాళ్లలో మిగిలింది డెవర్స్. అతనికి 2023 జనవరిలో పదేళ్లకు 313.5 మిలియన్లు ఇచ్చారు. ఇద్దర్ని పోగొట్టుకున్న భయంతో ఇచ్చారని నా నమ్మకం. 2025లో అలెక్స్ బ్రెగ్మన్‌ను తెచ్చి డెవర్స్‌ను థర్డ్ బేస్ నుంచి కదిలించారు, తర్వాత ఫస్ట్ బేస్ ఆడమన్నారు, మాటా మాటా పెరిగింది, జూన్ 15న శాన్ ఫ్రాన్సిస్కోకు ట్రేడ్ చేసేశారు. డెవర్స్ తప్పు లేదనను. కానీ పదేళ్ల మాట ఇచ్చిన మనిషితో ముందే కూర్చుని మాట్లాడటం ఎంత పని?

ఈ మధ్య చేస్తున్న ఒక పని మాత్రం నాకు నచ్చింది. కుర్ర ఔట్‌ఫీల్డర్ రోమన్ ఆంథొనీకి మొదటి సీజన్‌లోనే ఎనిమిదేళ్లకు 130 మిలియన్లు, పిచర్ క్రొషేకు ఫ్రీ ఏజెన్సీకి ముందే ఆరేళ్లకు 170. బెట్స్ విషయంలో 2016లోనో 2017లోనో పట్టుబట్టి చేయాల్సింది ఇదే. ఆంథొనీ బాగా ఆడి, జట్టు మళ్లీ ఒక ఏడు 84 గెలుపుల దగ్గర ఆగిపోతే, అప్పుడు ఎవరి పేరు మీద గీత పెడతారో చూడాలి.

2023 ఆగస్టులో డాడ్జర్స్ ఫెన్‌వేకు వచ్చింది. బెట్స్ వెళ్లాక ఇక్కడ ఆడటం అదే మొదలు. శుక్రవారం సాయంత్రం రైలెక్కి లాన్స్‌డౌన్‌లో దిగాం, నేనూ మావాడూ. మా సీట్లు గ్రాండ్‌స్టాండ్‌లో, ఆ పాత నీలం చెక్క కుర్చీలు, మోకాళ్లు ముందు వరుసకు తగులుతుంటాయి, ఎడమ వైపు ఇనుప స్తంభం అడ్డం. మావాడికి పద్నాలుగేళ్లు దగ్గర పడ్డాయి, నాకంటే పొడుగయ్యాడు. ఒళ్లో స్కోరు పుస్తకం తెరిచాను. స్కోరు పుస్తకంలో ఎడమ పేజీ వచ్చిన జట్టుది, కుడి పేజీ మన జట్టుది. ముందు బ్యాటింగ్ వచ్చినవాళ్లదే, వాళ్లలో మొదటి బ్యాటర్ బెట్స్. మైకులో పేరు వినపడగానే స్టేడియం లేచి నిలబడింది. అతను హెల్మెట్ తీసి చుట్టూ చూశాడు. చప్పట్లు ఆగడం లేదు. మావాడు నా చేతిలోంచి పెన్సిల్ తీసుకుని, ఎడమ పేజీ మొదటి గడిలో, చిన్నప్పుడు రాసినట్టే పెద్ద అక్షరాలతో, బెట్స్ అని రాశాడు.